బల్ల కింది దుప్పటి

నాంచారయ్య గారు ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పిన పాపాన పోలేదు. "ఊఁ" అంటారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు, అంతే. నాలుగు రోజులు పోయాక ఎక్కడో ఏదో జరుగుతుంది. అప్పుడు అడిగినవాళ్ళ వంక ఒక్క చూపు చూస్తారు. అదే జవాబు. బందరు వైపు దుప్పట్ల మీద అచ్చులు అద్దేవాళ్ళలో, ఆయన దగ్గర పని నేర్చుకున్న వాళ్ళంతా ఈ సంగతి నవ్వుతూ చెప్పుకుంటారు.

ఆ రోజు కస్తూరికి మాత్రం నవ్వు రాలేదు. ఎనిమిదేళ్ళు ఆయన దగ్గరే పని నేర్చుకుంది. అద్దకం పనివాళ్ళ సంఘంవాళ్ళు కాలవ అవతల కొత్తగా కట్టిన షెడ్డు ఆమె చేతిలో పెట్టి రెండు నెలలైంది. మొదటిసారి పంపిన దుప్పట్లలో పది వెనక్కి వచ్చాయి. ఒకదానిలో తీగ మధ్యలో తెగింది, ఒకదానిలో పువ్వు మీద పువ్వు ఎక్కి కూచుంది. ఇప్పుడు ఇంకో నలభై దుప్పట్లు వచ్చే వారానికి పంపాలి. ఇవీ తిరిగొస్తే షెడ్డుకి తాళం వేసేస్తామని సంఘంవాళ్ళు మొహం మీదే చెప్పేశారు.

"గురువుగారూ, మీ షెడ్డులో ఎవరి పని తప్పితే వాళ్ళే కేకేసి చెబుతారు. నా దగ్గర ఒక్కరూ నోరు విప్పరు. మీరు చెప్పిన మాటలన్నీ బోర్డు మీద రాయించి గోడకి పెట్టాను కూడా. మన పద్ధతి వాళ్ళకి ఇంకెలా చెప్పను?" అని అడిగింది.

"ఊఁ," అన్నారు ఆయన, కళ్ళజోడు తుడుచుకుంటూ. "గురువారం వస్తాలే."

ఆ పనిలో ఒక చిక్కుంది. ఎరుపు రావలసిన చోట ముందు పటిక నీళ్ళతో అచ్చు వేస్తారు. ఆరాక అది గుడ్డ మీద ఉందా లేదా అన్నట్టుంటుంది. గంగాళంలో వేర్ల రంగుతో ఉడికినప్పుడే ఎరుపు తేలుతుంది. తెల్లగుడ్డలో ఎర్రపువ్వులు నిద్రపోతున్నాయని, గంగాళంలో ఒళ్ళు విరుచుకుని లేస్తాయని కస్తూరికి మొదటి రోజే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. అందువల్ల అచ్చు నూలుపోగంత జరిగినా, వేసిన చేతికి తప్ప మరొకరికి తెలియదు. అప్పటికప్పుడు చెబితే కాలవలో జాడించి మళ్ళీ వెయ్యొచ్చు. ఉడికిందా, ఇక అంతే సంగతులు. నాంచారయ్య గారి షెడ్డులో "నాది తప్పిందీ!" అని కేక వినబడగానే నలుగురూ తలో అంచూ పట్టుకుని కాలవకి పరిగెత్తేవారు. కేక వేసినవాళ్ళకి ఆయన చేతి బెల్లం ముక్క. మొదటి ఏడాది కస్తూరి తిన్న బెల్లానికి పళ్ళన్నీ పుచ్చిపోవలసింది!

గురువారం ఆయన వచ్చారు. చేతిసంచీ గుమ్మం దగ్గర పెట్టి, బోర్డు ముందు నిలబడి పైనించి కింది దాకా చదివారు. "పని దాచకు. తప్పు దాచకు. తోటివాళ్ళని నమ్ము... అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయే!"

"రెండు రోజులు రాయించిందండీ," అంది బుల్లెమ్మ. ఆ షెడ్డులో ఆరుగురిలోకీ ఆవిడే పెద్దది, నోరూ పెద్దదే. "దుప్పట్లకి కాచిన నల్లరంగు సగం దానికే అయిపోయింది."

ఆయన నవ్వి, "చెయ్యి దురద పెడుతోంది, ఓ వరస వేస్తాను" అని అచ్చు అందుకున్నారు. టక్, టక్, టక్. ఏడో దెబ్బకి ఆగి, కప్పు మీద పిట్టలు లేచిపోయేలా అరిచారు.

"నాది తప్పిందీ!"

ఒక్కరూ కదల్లేదు. ఆరుగురిలో ఎవరూ గుడ్డ వంక చూడలేదు, బోర్డు వంక అసలే చూడలేదు. అందరూ కస్తూరి మొహంలోకి చూశారు. తరవాత ఆమె బల్ల కిందికి చూసి, గబుక్కున తలలు తిప్పేసుకున్నారు.

కస్తూరి కూడా అటే చూసింది. షెడ్డు తెరిచిన రోజు, అచ్చు ఎలా వెయ్యాలో చూపిద్దామని అందరి ముందూ ఒక దుప్పటి మొదలుపెట్టింది. ఆరు జతల కళ్ళు చూస్తుంటే అచ్చు జారింది. కొత్తగా పెద్దరికం వచ్చిన రోజాయె. ఏమీ ఎరగనట్టు దాన్ని మడిచి, బల్ల కిందికి తోసేసి, ఎవరూ చూడలేదనుకుంది.

ఆ మడత ఇప్పుడు బయటికి లాగి బల్ల మీద పరిచింది. జారిన చోట వేలు పెట్టింది. "నాది తప్పింది," అంది, తనకే వినబడనంత మెల్లగా.

"కాలవ దాకా వినబడాలమ్మాయ్!" అన్నారు గురువుగారు.

"నాది తప్పిందీ!"

"అమ్మయ్య!" అంది బుల్లెమ్మ. "రెండు నెలల్నించీ చూస్తున్నామమ్మా, అది ఎప్పుడు పైకొస్తుందా అని. ఈపాటికి ఎలకలు కాపురం పెట్టేసుంటాయనుకున్నాం." నవ్వుతూనే తన కట్టలోంచి, పొద్దున అద్దిన గుడ్డ ఒకటి లాగింది. "ఇదిగో, నాదీ తప్పింది." ఆ మూల సోమేశం తల గోక్కుంటూ లేచాడు. "నావి రెండు." కాసేపటికి ఏడు గుడ్డలు తేలాయి. అన్నీ ఇంకా గంగాళం మొహం చూడనివే. ఆరుగురూ అంచులు పట్టుకుని కాలవకేసి పరుగు.

నాంచారయ్య గారు చేతిసంచీలోంచి బెల్లం అచ్చు తీశారు. చిన్నది కాదు, నలుగురింట పరవాన్నానికి సరిపోయేది. "మొదటి ముక్క నాది. ముందు అరిచింది నేనే," అని నోట్లో వేసుకున్నారు. నలభై ఏళ్ళు అచ్చు పట్టిన ఆ చెయ్యి నిజంగా జారిందో, కావాలని జార్చారో కస్తూరికి ఈ రోజుకీ తెలియదు.

నలభై దుప్పట్లూ వెళ్ళాయి, ఒక్కటీ తిరిగి రాలేదు. బల్ల కింది దుప్పటిని కూడా ఉడికించి కస్తూరి గుమ్మానికి తెరగా కట్టింది. గాలి వీచినప్పుడల్లా, తెగిన ఎర్రతీగ వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూ ఉంటుంది. ఆ కబురు చెప్పడానికి గురువుగారి దగ్గరికి వెళ్ళి, "మరి ఆ బోర్డు తీసెయ్యమంటారా?" అని అడిగింది.

ఆయన "ఊఁ" అనలేదు, కళ్ళజోడూ తియ్యలేదు.

"ఎందుకూ, ఉండనీ. బెల్లం అయిపోయిన రోజున చదువుకుంటారు."