నీళ్లు పోయకూడని కుండీ

అనగనగా అమరవల్లి అనే రాజ్యం, దానికి ధవళసేనుడనే రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు బలశాలి, నడిపివాడు మాటకారి, చిన్నవాడు మృగాంకుడు ఒట్టి అనుమానం పుట్ట. పాలగిన్నె చేతికిస్తే మూడుసార్లు వాసన చూసేవాడు. కోడి కూస్తే, నిజంగానే తెల్లారిందా అని కిటికీ తీసి చూసేవాడు. "ఈయన్ని ఎవరు చేసుకుంటారమ్మా!" అని వంటవాళ్లు కూడా నవ్వుకునేవారు.

అయినా మేనమామ కూతురు హేమలేఖ చేసుకుంటే బావనే చేసుకుంటానంది. ముహూర్తం పెట్టారు. తీరా పెళ్లిపందిట్లోంచే వక్రనఖుడనే మాంత్రికుడు ఆ పిల్లను ఎత్తుకుపోయాడు.

అన్నదమ్ములు ముగ్గురూ ఏడు సముద్రాలు దాటి మాంత్రికుడి దీవికి చేరారు. వాడి ప్రాణం చిలకలో ఉంటుందని పెద్దవాడు దీవిలో ఉన్న చిలకలన్నిటినీ పట్టుకుని చూశాడు. వక్రనఖుడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఆ పాత పద్ధతి మానేశాను బాబూ! ఇవిగో మూడు దుంపలు. మీ పిల్లను రాయిని చేసి, ప్రాణం వీటిలో పెట్టాను. ఏడాదిలోగా ఒక్కటి పూసినా పిల్ల మీది, నేను బూడిద. మూడూ పాడైపోతే పిల్ల ఎప్పటికీ రాయే. ఒట్టు!"

అణిగిన బెల్లం ముద్దల్లా ఉన్నాయవి. ముగ్గురూ తలా ఒకటి తెచ్చి కుండీల్లో పెట్టుకున్నారు. చలికాలమంతా తమలపాకుల్లాంటి చిన్న చిన్న ఆకులు వేశాయి, ఆకుల మీద వెండి గీతలు. ఎండలు ముదరగానే ఆకులన్నీ పసుపురంగుకు తిరిగాయి.

ఇక్కడే ఉంది మాంత్రికుడి కిటుకు. అమరవల్లిలో కుండీ కనబడితే చెంబెడు నీళ్లు పోయకుండా ఎవరూ ముందుకు వెళ్లరు. అది పుణ్యమని వాళ్ల ఆచారం. పెద్దవాడి కుండీలో దాసీలు పోశారు, మంత్రి పోశాడు, పన్ను కట్టడానికి వచ్చిన రైతులూ పోశారు. దుంప కుళ్లిపోయింది. నడిపివాడు కాపలా అయితే పెట్టాడుగానీ, ఎవరో ముసలి తోటమాలి వచ్చి చెప్పాడని దుంపను లోతుగా పాతి, పైన పచ్చిపేడ వేశాడు. అదీ కుళ్లిపోయింది.

మిగిలింది మృగాంకుడి కుండీ. దాన్ని ఉత్తరపు వసారాలో నీడన పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఏడు సముద్రాలు దాటినప్పుడు కూడా అతనికి ఇంత భయం వేయలేదు. ఒక్కొక్క ఆకే రాలిపోతోంది.

అప్పుడు కుండీ అంచున ఒక చీమ నిలబడి, "నీళ్లు పోయకు," అంది. "ఇది చలికొండల్లో చెట్ల నీడన పుట్టిన జాతి. వేసవంతా నిద్రపోతుంది. నిద్రలో తడిస్తే కుళ్లిపోతుంది. పాతగోడ సున్నం, ఎండుటాకుల పొడి కలిపిన మట్టిలో, వీపు పైకి కనబడేలా ఉంచు. చల్లగాలి తిరిగాక ఆకుకంటే ముందు పువ్వే వస్తుంది."

"నామీద నీకెందుకింత దయ? ఇందులో నీకేమిటి లాభం?" అన్నాడు మృగాంకుడు.

"దయా, పాడా! దీని గింజలకు తియ్యటి తొడుగుంటుంది. మా పిల్లలకు అది కావాలి. పూయకపోతే గింజలెక్కడివి?"

మృగాంకుడికి ప్రాణం లేచొచ్చింది. లాభం ఉందని మొహం మీదే చెప్పేవాళ్లను నమ్మొచ్చు అనుకున్నాడు. చీమ చెప్పినట్టే చేశాడు.

మర్నాడు ముసలి తోటమాలి వచ్చాడు. "అయ్యో, దప్పికతో చచ్చిపోతోంది. ఒక్క చెంబు పోయి నాయనా."

"నీకేం కావాలి తాతా?"

"నాకేమీ వద్దు నాయనా, నీ మేలు చాలు."

మృగాంకుడు అతణ్ణి వాకిలి దాటించాడు.

తరవాత రాణి వచ్చింది, చేతిలో చెంబుతో. "ఈ ఒక్కసారికీ పోయనీ నాన్నా, చూడలేకపోతున్నాను."

"నువ్వు నిజంగా మా అమ్మవేనా? నీకేమిటి లాభం?" అని అరిచాడు.

రాణికి కళ్లనీళ్లు తిరిగాయి. "లాభమా? ఇది పూస్తే మా అన్న కూతురు నా ఇంటికొస్తుంది. నువ్వు మళ్లీ నా చేతి ముద్ద కడుపునిండా తింటావు. అదే నా లాభం."

మృగాంకుడు సిగ్గుపడి ఆమె కాళ్ల మీద పడ్డాడు. "నిన్ను నమ్ముతానమ్మా. నీ చెంబును మాత్రం నమ్మను," అని దాన్ని లాక్కున్నాడు.

నెలలు గడిచాయి. మూడోసారి వచ్చింది హేమలేఖ! అదే నడక, అదే గొంతు. "బావా! తప్పించుకుని వచ్చేశాను. ఆ దుంప ఎప్పుడో చచ్చింది. తవ్వి పారేయ్, పెళ్లి చేసుకుందాం."

మృగాంకుడు ఒక్క ఉదుటున లేచాడు. గునపం చేతిలోకి తీసుకున్నాడు కూడా. దుంప చూస్తే నిజంగా చచ్చినట్టే ఉంది. అయినా నోరు ఊరుకోక అడిగాడు, "నీకేం కావాలి హేమా?"

"నాకేం వద్దు బావా. నీ సుఖమే నా సుఖం."

గునపం జారి పడింది. చిన్నప్పుడు మామిడిపండు కోస్తే పెద్దముక్క లాక్కునే పిల్ల, ఇన్నాళ్లు చెరలో ఉండి వచ్చి, ఏమీ వద్దంటుందా? "వెళ్లిపో," అన్నాడు. ఆమె వెక్కివెక్కి ఏడుస్తూ వెళ్లింది.

ఆ తరవాత మూడు రోజులు అతను పడిన బాధ పగవాడికి కూడా వద్దు. నిజంగా హేమేనేమో, నా చేతులతో నేనే వెళ్లగొట్టానేమో అని కుమిలిపోయాడు. దుంపను బొటనవేలితో నొక్కి చూశాడు. గట్టిగానే ఉంది. ఆ గట్టిదనాన్ని పట్టుకునే మూడు రోజులూ గడిపాడు.

నాలుగోనాడు గాలి చల్లగా తిరిగింది. ఒక్క ఆకు కూడా లేని దుంపలోంచి ఎర్రటి మొగ్గ లేచి, చెవులు వెనక్కి వాల్చిన కుందేలు పిల్లలా విచ్చుకుంది. కోట గుమ్మం దగ్గర ఏడుస్తూ కూర్చున్న పిల్ల బూడిదకుప్ప అయిపోయింది, అందులో పది వంకర గోళ్లు మాత్రం మిగిలాయి. ఇక్కడ కుండీ పక్కన మట్టి దులుపుకుంటూ హేమలేఖ నిలబడింది.

"నీకేం కావాలి?" అన్నాడు మృగాంకుడు.

"ఏం కావాలా? నన్ను మట్టిలో పడేసి ఏడాది కావస్తోంది! ముందు నీళ్లు, తరవాత వేడివేడి అన్నం, ఆ తరవాత ఆగిపోయిన పెళ్లి. మామిడిపళ్లు ఉంటే పెద్దముక్క నాది!"

మృగాంకుడు పట్టలేని సంతోషంతో ఏడ్చేశాడు.

వైభవంగా పెళ్లి జరిగింది. పువ్వు రాలాక కాడ చుట్టలు చుట్టుకుంటూ గింజల కాయను నేలకు దించింది. చీమలు తమ వాటా మోసుకుపోయాయి, రాజ్యమంతటా మొక్కలు లేచాయి. ధవళసేనుడు చిన్నవాడికే పట్టం కట్టాడు, మృగాంకుడు అరవై ఏళ్లు చల్లగా ఏలాడు. పాలను మాత్రం అప్పటికీ వాసన చూసేవాడట, హేమలేఖ ఇస్తే ఒక్కసారే.

కథ చీమల పుట్టలోకి వెళ్లిపోయింది. రాకుమారికే ఆకలేసింది, మీకు వేయదూ? లేవండి, అన్నాలకు!