తీతువుకు కట్టించిన ఇల్లు

వేసవి ముదిరేకొద్దీ రాళ్లవంకలో నీళ్లు తగ్గుతాయి, గట్టు మీద మేత తగ్గుతుంది, మాటలు మాత్రం పెరుగుతాయి. మేయడానికేమీ దొరకని నోళ్లు ఊరికే ఎలా ఉంటాయి? రోజూ పొద్దు వాలే వేళకు జంతువులూ పిట్టలూ వంక ఒడ్డున తుమ్మచెట్టు కింద చేరేవి. చేరి, లోకాన్ని ఎలా నడపాలో తేల్చేవి.

ఒకరోజు వెలుతురు సంగతి వచ్చింది. మిణుగురులు రాత్రంతా వెలగాలా, సగం రాత్రి వెలిగితే చాలా అని. అసలు వెలుగే దండగ, చీకట్లోనే పనులు చక్కగా సాగుతాయని గుడ్లగూబ వాదించింది. రాత్రిపూట తన పింఛం ఎవరికీ కనబడకపోవడం దేశానికే నష్టమంది నెమలి. మాటకు మాట పెరిగి రెండూ ఎడమొహం పెడమొహమయ్యాయి. మిణుగురులను మాత్రం ఎవరూ పిలవలేదు, అడగనూ లేదు. ఇంకో రోజు చదువు సంగతి. వల్లె వేయించడమే చదువని చిలుక, కొమ్మ మీంచి కొమ్మకు దూకడం వస్తే చాలని కోతి గొంతులు చించుకున్నాయి. పొలంపని నుంచి తప్పించి వదిలేసిన ముసలి కర్రెద్దును మధ్యవర్తిగా అడిగితే, ఏం చదివినా చివరికి మెడ మీదికి కాడి వచ్చేదేగదా అని నెమరు వేసుకుంటూ పడుకుంది.

వీళ్లందరిలో కూర్చోవడానికి తీరికలేనిది తీతువు ఒక్కటే. చెట్టుకు కాస్త దూరాన, గులకరాళ్ల మధ్య దాని నాలుగు గుడ్లున్నాయి. గూడంటూ ఏమీ లేదు. తీతువు జాతిలో గూడు కట్టే అలవాటే లేదు. నేల మీద చిన్న గుంట చేసుకుని, రాళ్ల రంగులోనే గుడ్లు పెట్టి, ఎండకు అవి ఉడికిపోకుండా మడుగులో పొట్ట తడుపుకొచ్చి వాటి మీద కూర్చుంటుంది. ఆరగానే మళ్లీ మడుగుకు పరుగు. మగతీతువు మరోపక్క కాపలా. ఆకు కదిలినా ఇద్దరూ అరుస్తారు. ఆ అరుపులకు విసిగి, ఈ పిట్ట ఉన్నచోట శుభం ఉండదని అందరూ అనేవారు. పోయినేడు అకాలంగా వాన కొట్టి దాని గుడ్లను వంక ఊడ్చుకుపోయింది. అప్పటి నుంచి దానికి నిలిచిన చోట నిలవబుద్ధి కాదు. ఈ నాలుగూ దక్కితే చాలు, ఇంకేమీ వద్దని దాని ప్రాణం కొట్టుకునేది.

ఆ సాయంత్రం ఇళ్ల సంగతి వచ్చింది. ఇళ్లంటే గిజిగాడిని పట్టేవాళ్లెవరు? తుమ్మకొమ్మకు వేలాడే తన గూడు చూపిస్తూ, ఈనెను ఎలా చీల్చాలి, గాలివాటు చూసి గుమ్మం ఎటు పెట్టాలి అని మొదలుపెట్టి, చివరకు అటుగా పోతున్న తీతువు మీద పడింది. కట్టడం రాక కాదట, ఒళ్లు వంగకట.

"పోయినేడు గుడ్లు వంకలో కొట్టుకపాయె. అప్పుడన్నా బుద్ధి రావొద్దా?" అంది.

ఎప్పుడూ అరిచే పిట్ట ఆ ఒక్క మాటకు తల దించుకుంది. పుండు మీద కారం చల్లినట్టుంది.

అప్పుడు నక్క లేచింది. ఆ చెట్టు కింద తీయగా మాట్లాడేది అదొక్కటే. పైగా ఎవరినీ మధ్యలో అడ్డుకోదు, అందరూ అలిసిపోయాక లేస్తుంది.

"అట్లనొద్దు గిజిగాడన్నా," అంది మెల్లగా. "ఇల్లు లేకపోయింది తీతక్క తప్పు గాదు, మనందరి తప్పు. మన వంకలో ఒక తల్లి గుడ్లు నేల మింద పడి ఉంటే, మనమీడ కూర్చోని చీకటి గురించీ చదువు గురించీ మాట్లాడుకుంటాండాం."

అందరికీ ఎక్కడో గుచ్చుకుంది. నక్క తన ఆలోచన చెప్పింది. గుడ్ల చుట్టూ ఎండుగడ్డితో ఎత్తుగా కట్ట కట్టుకోవాలి. గడ్డి తానే మోసుకొచ్చి చెట్టు కింద పడేస్తుంది. ఎక్కడ కట్టుకోవాలో తీతక్క ఇష్టం, తాను ఆ వైపుకు కూడా రాదు. ఇంతకంటే మర్యాద ఏముంటుంది? కర్రెద్దు కూడా సంతోషించింది. ఆ రాళ్లలో గుడ్లు కనబడక, ఎప్పుడు ఎక్కడ తొక్కుతానో అని అటు నడవాలంటేనే భయమట. ఎద్దు మాటలో కల్మషం లేదు, అందుకే అది అందరికీ తలకెక్కింది. తీతువుకు ఇల్లు ఉండి తీరాలని ఒక్క గొంతుతో తేల్చేశారు. అందరూ ఒక్క మాట మీదికి రావడం ఆ చెట్టు కింద అదే మొదలు. నన్నడిగితే అక్కడే అనుమానించాల్సింది.

మగతీతువు ఒప్పుకోలేదు. మా అమ్మ కట్టలేదు, మీ అమ్మ కట్టలేదు, మనకెందుకంది.

"వాళ్లు కట్టలేదనే గదా మనకీ గతి," అంది ఆడతీతువు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని ఊరికే అన్నారా? అలవాటు లేని ముక్కుతో ఒక్కో పోచా మోసి, పేర్చి, జారితే మళ్లీ పేర్చి, మరునాటి ఎండెక్కే లోపల కట్ట కట్టేసింది. పైకెగిరి చూసుకుంది. బూడిదరంగు రాళ్ల మధ్య పసుపుపచ్చటి ఎండుగడ్డి గుండ్రంగా మెరుస్తోంది. తన ఇల్లు! దాని మనసు నిండిపోయింది. చాలా కాలానికి ఆ మధ్యాహ్నం అది కుదురుగా కూర్చుంది.

అంతలో కర్రెద్దు మేత వెతుక్కుంటూ అటుగా వచ్చి ఆగింది.

"శానా బాగుందమ్మా. ఆ పక్క గట్టు మింద నుంచే కనపడింది. ఇంక నాకు భయం లేదు."

ఎద్దు తోక ఊపుకుంటూ పోయింది. తీతువు ఆ మెప్పును కాసేపు చప్పరించింది. చప్పరిస్తుండగానే చేదు తగిలింది. ఆ గట్టు మీద నుంచి ఎద్దుకు కనబడితే, ఇంకెవరికి కనబడదు? తల తిప్పి గట్టు వైపు చూసింది. బండ నీడన నక్క పడుకుని ఉంది, ముందు కాళ్ల మీద గడ్డం ఆనించి, ఇటే చూస్తూ. మిట్టమధ్యాహ్నం ఎన్నడూ బొరియ దాటని నక్క. ఎన్ని వేసవులుగానో ఈ రాళ్లలో గుడ్లు వెతికి వెతికి, పక్కనే ఉన్నా కనబడక, మూతి ముడుచుకుని పోయిన నక్క.

గడ్డి పీకి పారేద్దామంది మగతీతువు. పీకితే ఏం లాభం? చోటు వాడు చూసేశాడు. ఇన్నాళ్లూ వంకంతా వెతికేవాడు, ఇప్పుడు నాలుగడుగుల్లో వెతుకుతాడు. గుడ్లను మోసుకుపోవడానికి తీతువుకు చేతులా ఏమన్నానా? పగలు అందరూ తిరుగుతుంటారు కాబట్టి ఆగాడు. చీకటి పడితే ఆగడు. అది లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. తన సిగ్గే తన గుడ్లకు ఎసరు పెట్టిందని తన మీద తనకే మండిపోయింది. ఆ మంటలోనే ఒక ఆలోచన తట్టింది. గుడ్లను మగతీతువుకు అప్పగించి, అందరికంటే ముందు తుమ్మచెట్టు కిందికి పోయి నిలబడింది.

అందరూ చేరారు. నక్క కూడా ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంది.

"నక్కన్న చలవతో నాకు ఇల్లు వచ్చె," అంది తీతువు. "నాకొక్కదానికి వస్తే చాలునా? ఈ వంక పొడుగునా నా చెల్లెండ్లు, వదినలు గుడ్లు పెట్టుకోనుండారు. సిగ్గుతో చెప్పుకోలేరు. నేను ఇంట్లో ఉండి వాళ్లు నేల మింద ఉంటే నాకు నిద్ర పడ్తాదా?"

నక్క చెవులు నిక్కాయి. ఎంతమంది ఉంటారో అని మర్యాదగా అడిగింది. ఎన్ని ఇళ్లు కడితే అన్ని చోట్లు చూపిస్తానంది తీతువు. నక్క కళ్లు మూసుకుంది. ఇల్లిల్లుకూ నాలుగు గుడ్లు. ఈ రాత్రి ఒక్క ఇంటి మీద పడితే మిగతావాళ్లు బెదిరి ఎగిరిపోతారు. ఓపిక పడితే వంకంతా విస్తరే. ఆశ లావు, పీక సన్నం అంటారు. నక్కకు ఆ సంగతి ఇంకా తెలియదు.

"ఇల్లు లేని తల్లి ఈ వంకలో ఉండకూడదు," అని సభ మధ్యలో మాట ఇచ్చేసింది.

ఆ రాత్రి తీతువు రెప్ప వాల్చలేదు. నక్క మాట తప్పి వస్తే? రాలేదు. తెల్లారగానే నోటినిండా గడ్డి కరుచుకుని వచ్చింది. నాలుక వేలాడేసుకుని, మండుటెండలో కూడా మోసింది. నక్క త్యాగానికి చిలుక కళ్లు చెమర్చాయి. గిజిగాడు తన నేర్పంతా చూపించి రాళ్లలో తీతువు చూపిన ఖాళీ చోటల్లా గుండ్రంగా కట్టలు కట్టించింది. సంబరంగా చేసింది, అందరూ తన మాట వింటున్నారుగదా.

ఆ సందడిలో తీతువు తన గుడ్ల చుట్టూ ఉన్న కట్టను పోచ పోచా విప్పి, పక్కకు తెచ్చి, ఖాళీ రాళ్ల చుట్టూ పేర్చింది. గట్టు మీద నుంచి చూసేవాడికి అన్ని ఇళ్లలో అదొక ఇల్లు. గుడ్లు మళ్లీ రాళ్లలో రాళ్లయిపోయాయి. నక్క కళ్లు మోసపోతాయి, మరి ముక్కు? అందుకు జంట ఇద్దరూ మడుగులో పొట్టలు తడుపుకుని, ఇల్లిల్లూ తిరిగి, గుడ్లంతేసి గులకరాళ్లను పోగేసి వాటి మీద కూర్చున్నారు. గుడ్ల మీద ఎలా కూర్చుంటారో అలా, ఒళ్లు ఆరేదాకా. సాయంత్రానికి ప్రతి ఇంట్లోనూ తీతువు వాసనే. అసలు గుడ్లను ఎండ ఉన్నంతసేపూ వంతులేసుకుని తడిపినా, పొద్దు వాలి రాళ్లు చల్లబడ్డాక మాత్రం చోటు తెలిసిపోతుందని ఇద్దరూ అటు పోలేదు. అంత దగ్గరలో ఉండి పోకుండా ఉండటం ఆ తల్లికి ఎంత కష్టమో దాన్నే అడగాలి.

మసక పడింది. సభ ముగిసి అందరూ ఇళ్లకు పోయారు. నక్క గట్టు దిగింది.

వంక చివర ఒక ఇంట్లో కూర్చున్న తీతువు దాన్ని చూసి అరుస్తూ లేచి పోయింది. నక్క నవ్వుకుంటూ ఆ ఇంట్లో మూతి పెట్టింది. వాసన సరిగ్గా ఉంది. గబుక్కున కొరికింది. టక్కుమంది. గుడ్డు కాదు, పన్ను. నొప్పికి కళ్లు తిరిగినా నక్క తెలివి తక్కువది కాదు: ఈ పిట్టలు గుడ్ల పక్కన రాళ్లు పేర్చుకుంటాయి, నాకు రాయి తగిలింది, అనుకుంది. ఇక కొరకడమే వద్దు, నమలకుండా మింగేస్తే సరి. అలా మింగింది. పక్కింట్లో మింగింది. ఆ పక్కింట్లోనూ మింగింది. ఆగి ఒక్కసారి ఆలోచించే తీరిక ఆ ఆకలికి ఎక్కడిది?

ఇంటి నుంచి ఇంటికి పోతూ అది గుడ్ల పక్కకే వచ్చింది. తీతువు జంట గాల్లో ఊపిరి బిగబట్టింది. అరిస్తే చోటు తెలిసిపోతుంది. పుట్టినప్పటి నుంచి అరవడమే పనిగా బతికిన పిట్ట అరవకుండా చూసింది. నక్క వెనక కాలు గుడ్లకు వేలెడు దూరంలో పడింది, లేచింది, ముందుకు పోయింది. ముందున్న ఇంట్లో గడ్డి పచ్చగా కనబడుతోందిగదా.

మరునాడు నక్క సభకు రాకపోతే అనుమానమొస్తుందని వచ్చింది. దవడ వాచి, కడుపు నేలకు వేలాడి, అడుగు తీసి అడుగు వేయలేకుండా ఉంది. దొంగకు తేలు కుట్టినట్టు మూలుగు మింగుకుంటోంది. ఇళ్లన్నీ పూర్తయినందుకు నక్కన్న రెండు మాటలు చెప్పాలని గిజిగాడు పట్టుబట్టింది. నక్క నోరు తెరవక తప్పలేదు. ముందుపన్ను లేదు.

"పన్నేమైందన్నా?" అంది చిలుక.

నక్క ఏదో గొణిగింది. జవాబు తీతువు చెప్పింది.

"ఇండ్లు గట్టిగా ఉండాయా లేదా అని ఒక్కొక్కటే కొరికి చూసినాడు. ఇంటింటా రాళ్లు పెట్టింటి. కడుపు తట్టి చూడండి, లెక్క తెలుస్తాది."

కర్రెద్దు నెమరు ఆపింది. నెమ్మదిగా లేచి, నక్కకూ తీతువుకూ మధ్య వచ్చి కొమ్ములు వంచి నిలబడింది.

"అయితే నేను గట్టు మింద నుంచి మెచ్చుకునింది ఇల్లు గాదమ్మా," అంది. "వీని కంచం."

నక్క తలెత్తలేదు. రాళ్ల కడుపు ఈడ్చుకుంటూ వంక దాటి పోయింది. ఎవరూ తరమలేదు, ఆపలేదు. గిజిగాడు ఆ సాయంత్రం ఇళ్ల గురించి మాట్లాడలేదు.

కొన్నాళ్లకు ఎండపొద్దున నాలుగు గుడ్లూ పగిలాయి. తీతువు పిల్లలు గూట్లో పడి నోరు తెరుచుకుని ఉండే రకం కాదు. ఒళ్లు ఆరగానే లేచి, తడబడుతూ, తల్లి వెనక రాళ్లలోకి నడిచిపోయాయి. ఏ ఇంట్లోనూ ఒక్క పూట కూడా ఉండలేదు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసిన తల్లిని మాత్రం అంత మంది సలహాదారుల్లో ఒక్కరూ అడిగి ఉండలేదు.

నీకు ఇల్లు కట్టిస్తానని వచ్చినవాణ్ణి, ఆ ఇంట్లో నీకేం పనో కాదు, వాడికేం పనో ముందు అడుగు.