పడుగు మీద పడినవాడు

వేటపాలెం నేతవీధిలో మార్కండేయులు అనే మంచి పనిమంతుడు ఉండేవాడు గాని, సాయంత్రమయ్యేసరికి ఆ పనిమంతుడి చేతిలో సీసా, నోట్లో "తలుచుకుంటే రేపే మానేస్తా" అనే మాట ఉండేవి. ఆ రేపు ఏనాడూ రాలేదు.

ఎవరైనా మందలిస్తే అతని దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది. "ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకోవట్లేదా? దీక్ష అయ్యేదాకా చుక్క ముట్టుకున్నానా? నా మనసు నా చేతిలో ఉంది" అనేవాడు. నిజమే, ముట్టుకునేవాడు కాదు. మాల తీసిన సాయంత్రమే నేరుగా సారా కొట్టుకి వెళ్ళేవాడు.

ఆ వీధిలో ఒక ఆచారం ఉంది. మగ్గానికెక్కే నిలువు దారాలను పడుగు అంటారు. దాన్ని తెల్లవారుతూనే వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, ఎండ ముదిరేలోపు కుంచెలతో దువ్వాలి. ఎంత మొనగాడైనా ఒక్కడు చెయ్యలేడు. అందుకే ఒకరి పడుగుకి వీధి వీధంతా వస్తుంది.

ఒకనాడు వీధి పెద్ద భావనారాయణ పడుగు వేశాడు. మార్కండేయులు పొద్దున్నే తాగి వచ్చాడు. నాలుగడుగులు వేశాడో లేదో, తూలి పడుగు మీద పడ్డాడు. దారాలు పటపటా తెగిపోయాయి.

భావనారాయణ అతన్ని లేవదీసి, ఒంటికంటిన గంజి తుడిచాడు. "నీ పడుగుకి మేమంతా వస్తాం, అది మన వీధి ధర్మం. మా పడుగులకి మాత్రం నువ్వు రామాకు అబ్బాయ్" అన్నాడు.

తిట్టినా బాగుండేది. మర్నాడు చీకటితోనే భార్య తిరుపతమ్మ కొంగు బిగించుకుని బయల్దేరింది.

"ఎక్కడికి?" అన్నాడు మార్కండేయులు.

"పడుగు దగ్గర నీ చోట నిలబడటానికి" అంది ఆమె.

ఆ మాట అతన్ని కోసేసింది. ఆ రోజే సీసా పగలగొట్టి, తలుపేసుకుని కూర్చున్నాడు. ఎవరి సాయమూ అక్కర్లేదనుకున్నాడు. రెండు పూటలు గడిచేసరికి చేతులు వణికాయి. తర్వాత ఒళ్ళంతా బిగుసుకుపోయి వాకిట్లో పడిపోయాడు. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరమ్మ ప్రాణం నిలబెట్టి, గట్టిగా చీవాట్లు పెట్టింది.

"ఇన్నేళ్ళు తాగి, ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి వస్తుంది. ఒంటికి మాత్రలు నేనిస్తాను. చీరాలలో ప్రతి ఆదివారం సాయంత్రం ఒక ట్యూషన్ గదిలో, తాగుడు మానినవాళ్ళూ మానాలనుకునేవాళ్ళూ కలుసుకుంటారు. అక్కడికి వెళ్ళు" అంది.

"నలుగురిలో కూర్చుని నేను తాగుబోతునని చెప్పుకోవాలా? నా పరువేం కాను?" అన్నాడు మార్కండేయులు.

"నడివీధిలో పడుగు మీద పడ్డప్పుడు లేని పరువు ఇప్పుడు గుర్తొచ్చిందా?" అంది తిరుపతమ్మ. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి అతను సరేనన్నాడు.

ఆదివారం చీరాల వెళ్ళాడు. తన చెప్పుల్ని ఎవరైనా గుర్తుపడతారేమోనని వాటిని చంకలో పెట్టుకుని మరీ గదిలోకి దూరాడు. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే మస్తాన్ నవ్వి పక్కకి జరిగాడు. "చెప్పులు బయటే వదిలెయ్యన్నా. అక్కడున్నవన్నీ మనలాంటోళ్ళవే" అన్నాడు.

మార్కండేయులు పాత పాటే ఎత్తుకున్నాడు. "నేను తలుచుకుంటే మానగలను. ఏటా మాలలో మానట్లేదా?"

"ఆ రోజుల్లో ఎవరితో ఉంటావన్నా?" అని అడిగాడు మస్తాన్.

"స్వాములతో. చీకటితో లేపుతారు. కలిసి స్నానం, కలిసి భజన, కలిసి భిక్ష."

"మాల తీశాక?"

"ఒక్కణ్ణే" అన్నాడు మార్కండేయులు. పడుగు ఒక్కడివల్ల కాదని పుట్టినప్పటి నుంచీ తెలిసినవాడికి తాగుడు మానడమూ అంతేనని అప్పటిదాకా తెలియలేదు. అందరిముందూ భోరున ఏడ్చాడు.

అంతటితో గండం గడిచిందనుకోకండి. కొన్నాళ్ళకి ఒక పెళ్ళిలో మళ్ళీ తాగాడు. సిగ్గుతో ఆ ఆదివారం ఇల్లు కదల్లేదు. చీకటి పడకముందే మస్తాన్ గుమ్మంలోకి వచ్చాడు. "దారం తెగితే మీరేం చేస్తారన్నా? మగ్గం పీకేస్తారా?" అన్నాడు.

"అతుకుతాం" అన్నాడు మార్కండేయులు తలవంచుకుని.

"అయితే రా, పోదాం."

మళ్ళీ కార్తీకం వచ్చింది. ఈసారి మాల తీసిన ఆదివారం సాయంత్రం మార్కండేయులు చీరాల బస్సెక్కాడు.

ఆ తర్వాతి ఎండాకాలం ఒక తెల్లవారుజామున తిరుపతమ్మ కొంగు బిగించుకుంటుంటే, గుమ్మంలో భావనారాయణ కనిపించాడు. "నువ్వాగమ్మా, పిలుపు వాడికి" అని లోపలికి చూశాడు. "ఒరే మార్కండేయులూ! పడుగేశాం, నీ చోటు ఖాళీగా ఉంది. రారా!"

మార్కండేయులు వెళ్ళి తన చోట నిలబడి కుంచె పట్టుకున్నాడు. చెయ్యి వణకలేదు. అవతలి కొస పట్టుకున్న భావనారాయణ కళ్ళు తుడుచుకున్నాడు.

పడుగైనా బతుకైనా ఒంటిచేత్తో చక్కబడదు. తెగినచోట నలుగురి సాయం అడగడం సిగ్గు కాదు, అడగకపోవడమే చేటు.