బొల్లెద్దు గురించి నక్క చెప్పిన మంచిమాట

నల్లగుట్ట అడవి మొత్తానికీ గానుగ ఒక్కటే. అది నక్కది. నక్కకు పని చేతకాదు, చేయించుకోవడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. కళ్ళకు గంతలతో ఆ గానుగ తిప్పేది బొల్లెద్దు.

తిరిగి తిరిగి బొల్లెద్దుకు విసుగు పుట్టింది. ఎండలు ముదిరితే మందలను నీళ్ళున్న చోటికి నడిపించే విద్య ఒకటుంది. ముసలి ఏనుగమ్మ గుట్ట కింద దాన్ని నేర్పుతుంది. అందులో చేరాలని బొల్లెద్దు ఆశ.

"చేరు మరి, ఎవరొద్దన్నారు?" అంది నువ్వులు ఏరుకుంటున్న గిన్నికోడి.

"ఊరికే చేర్చుకోరు చెల్లీ. నా గొప్ప నేను చెప్పుకోకూడదట. నాతో పని చేయించుకున్నవాళ్ళు వచ్చి, పదిమందిలో నిలబడి నా గురించి మంచిమాట చెప్పాలట. నాకు నక్క తప్ప ఎవరున్నారు?"

"అయిపోయింది నీ చదువు! గానుగ చుట్టూ బాగా తిరుగుతావని చెబుతాడు. దారి చూపే పనికి ఆ మాట ఎందుకు పనికొస్తుంది?"

"వాడు చెప్పాలనుకున్నది వాడు చెప్పనీ. నాకు కావలసింది నేను అడిగి చెప్పించుకుంటా. నువ్వొక్క సాయం చెయ్యి, వాగవతలి ఎలుగుబంటిని కూడా రమ్మను."

అడగ్గానే నక్క ఒప్పుకుంది. పొగుడుతూనే ఎద్దు ఆశ మీద నీళ్ళు చల్లాలని దాని ఎత్తు.

గుట్ట కింద అందరూ చేరారు. ఎలుగుబంటి ఆలస్యంగా వచ్చి వెనకాల పొద పక్కన కూర్చుంది. నక్క తోక దులుపుకుని లేచింది.

"పెద్దమ్మా, బొల్లెద్దును మించిన పనివాడు లేడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దారి తప్పలేదు!"

గానుగ చుట్టూ తిరిగేవాడు ఎక్కడికని తప్పుతాడు? అందరూ పగలబడి నవ్వారు.

"పైగా పళ్ళరిగిన వయసు. ఇప్పుడు కొత్త విద్యలేమిటి, నా దగ్గరే పడుంటాడు పాపం" అంది నక్క.

బొల్లెద్దుకు ఒళ్ళు మండిపోయింది. అయినా మర్యాదగానే అడిగింది.

"అయ్యా, నా విశ్వాసం గురించి కూడా ఒక్క ముక్క చెప్పండి. నన్ను అమ్మినప్పుడు ఏం జరిగిందో."

తన తెలివి చాటుకునే అవకాశం దొరికితే నక్కకు ముందూ వెనకా కనపడదు.

"అబ్బో, అది చెప్పాల్సిందే! దారి గుర్తుండకూడదని ఇంటి దగ్గరే గంతలు కట్టి, వాగు దాటించి అమ్మేసి వచ్చాను. తెల్లారేసరికి నా గుమ్మంలో ఉన్నాడు! ఇదేదో బాగుందని మళ్ళీ అమ్మాను, వేరే దారిన, గంతలతోనే. మళ్ళీ వచ్చాడు! ఇంత విశ్వాసం ఎక్కడైనా ఉందా?"

ఏనుగమ్మ నవ్వలేదు.

"ఆగు నాయనా. కళ్ళారా చూడని దారిలో ఒంటరిగా తిరిగొచ్చాడా? ఎలా వచ్చావు బొల్లన్నా?"

"వెళ్ళేటప్పుడు కాలికింద ఎక్కడ ఇసక, ఎక్కడ రాయి, ఎటునుంచి నీటి వాసన, అన్నీ గుర్తుపెట్టుకున్నాను పెద్దమ్మా. కళ్ళు కట్టారు గానీ ముక్కు కట్టలేదు కదా."

"ఎండాకాలం మందకు కావలసింది ఆ ముక్కే. రేపటి నుంచి వచ్చెయ్యి. ఇంతకంటే మంచిమాట నీ గురించి ఎవరూ చెప్పలేరు."

బొల్లెద్దు నక్క ఎదురుగా వచ్చి నిలబడింది.

"నీ మీద ప్రేమతో తిరిగొచ్చాననుకున్నావా? నాకు దారి తెలుసో లేదో చూసుకున్నాను. తెలుసు. ఇక నీ గుమ్మం తొక్కను."

అప్పటికే వెనక నుంచి ఎలుగుబంటి లేచింది.

"ఒరే నక్కా! రెండోసారి కొన్నది నేనే. పులి ఎత్తుకుపోయి ఉంటుందని నన్ను ఓదార్చావు కదరా! ఎద్దు ధరగా నేనిచ్చిన తేనంతా నాకావు. ఎద్దు నాకొద్దు. ఆ తేనె తీరేదాకా గానుగ నువ్వు తిప్పు, నూనె నేను పట్టుకుపోతాను."

ఆ గంతలే తెచ్చి నక్క కళ్ళకు బిగించింది. ఇప్పుడు నక్క కూడా ఒక్కసారైనా దారి తప్పకుండా తిరుగుతోందని గిన్నికోడి కనిపించినవాళ్ళందరికీ చెబుతోంది.

ఇందులో నీతి: నిన్ను గానుగకు కట్టినవాడే నీ గురించి చెప్పాల్సి వస్తే, ఏం చెప్పాలో వాడికి వదిలేయకు, నువ్వే అడిగి చెప్పించుకో.