నల్లమల సాలీడుకు నీలం అంటిన కథ

ఒకప్పుడు నల్లమల అడవిలో పెద్ద సాలీళ్లన్నీ మట్టిరంగులోనే ఉండేవి. ఒక్కోటి అరచెయ్యంత. ఒళ్లంతా నూగు. ఇప్పుడు వీటిని టరాంటులాలని పిలుస్తూ గాజుపెట్టెల్లో పెంచుకునేవాళ్లు ఉన్నారు. ఆ రోజుల్లో పెంచుకున్నది మాత్రం ఒక్క ఈదమ్మే.

ఈదమ్మ అడవి అంచున గుడిసెలో ఒంటరిగా ఉండేది. పలకరించేవాళ్లు లేరు. ఒకరోజు కట్టెలు కొట్టే సుంకన్న ఎండుచెట్టు ఒకటి నరికాడు. దాని తొర్రలో ఉన్న సాలీడు కిందపడింది. పాపం, దాని ఇల్లు పోయింది. సుంకన్న దాన్ని ఆకులో పెట్టుకుని తెచ్చాడు.

"పెద్దమ్మా, మాట్లాడేవాళ్లు లేరంటావు కదా. ఇదిగో, దీనికి నోరుంది."

"నోరు నీకూ ఉంది. ఏం లాభం?" అంటూ ఈదమ్మ సాలీడును అందుకుంది.

దానికోసం వెడల్పాటి బాన తెచ్చి, వాకిట్లో పెట్టింది. అడుగున జానెడు మెత్తటి మట్టి పోసి, కాస్త తడిపింది. దాక్కోడానికి కొబ్బరిచిప్ప బోర్లించింది. ప్రమిదలో నీళ్లు పెట్టింది. గాలి ఆడేలా చిల్లున్న మూకుడు మూసింది. రోజూ ఒక కీచురాయిని పట్టుకొచ్చి వేసేది.

"మా ఇల్లే ఇంత బాగుండదు. చాలా?" అని అడిగింది.

"అన్నీ ఉన్నాయి అవ్వా. కింద అన్నీ ఉన్నాయి" అంది సాలీడు.

ఇద్దరూ కబుర్లు చెప్పుకునేవారు. వాన గురించి, చీమల పొగరు గురించి, సుంకన్న బద్ధకం గురించి. ఈదమ్మకు చాలా ఏళ్ల తర్వాత నవ్వొచ్చింది.

కానీ సాలీడు మట్టి మీద కాలు పెట్టేది కాదు. బాన గోడ ఎక్కి, మూకుడు చిల్లు కిందే అతుక్కుని ఉండేది.

"కిందికి రావే. అంత మెత్తటి మట్టి పోశాను."

"ఇక్కడినుంచి నీలంగా ఒక ముక్క కనిపిస్తుంది అవ్వా."

"అది ఆకాశం. దాన్నేం చేసుకుంటావు?"

"మా చెట్టు దానివైపే ఉండేది."

ఈదమ్మ ఆ మాట పట్టించుకోలేదు. ఇంకొంచెం మట్టి పోసింది.

కొన్నాళ్లకు సాలీడు కీచురాళ్లను ముట్టడం మానేసింది. మాటలూ తగ్గించింది. ఒక ఉదయం వెల్లకిలా పడి ఉంది. సుంకన్న తొంగిచూశాడు.

"పోయింది పెద్దమ్మా. కాళ్లు పైకెత్తేసింది. పారేయ్."

"నువ్వు రోజూ మధ్యాహ్నం అలాగే పడుకుంటావు. నిన్ను పారేశామా?"

అందే గానీ, ఆమె చేతిలో పని వదిలేసింది. బాన పక్కనే కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సాలీడు ఒళ్లు చిట్లింది. బిగుతు రవిక చేతుల్లోంచి చేతులు లాక్కున్నట్టు, పాత చర్మంలోంచి ఒక్కో కాలే బయటికి లాక్కుంది. ఎనిమిదో కాలు కూడా వచ్చాక ఇటు తిరిగింది. ఒళ్లంతా మిలమిల మెరిసే నీలం!

"ఈ రంగెక్కడిదే?"

"చూసి చూసి అంటుకుంది అవ్వా."

ఈదమ్మ ఒకసారి బానలోకి చూసింది. ఒకసారి పైకి చూసింది.

"నాకు కూర్చోడానికి నేల కావాలి. నీకు ఎక్కడానికి ఎత్తు కావాలి. నాకు కావలసిన ఇల్లు నీకు కట్టాను" అంది.

సాలీడు కొత్త ఒళ్లు గట్టిపడేదాకా ఈదమ్మ నాలుగు రోజులు ఆగింది. ఐదో రోజూ ఆగింది. ఆ ఒక్కరోజు తనకోసం.

ఆరో రోజు సాలీడును బుట్టలో పెట్టుకుని, ఎత్తయిన మద్దిచెట్టు దగ్గరికి వెళ్లింది. సుంకన్నను కేకేసింది.

"గొడ్డలి అక్కడ పెట్టు. ఈసారి నరకొద్దు, ఎక్కు."

"ఇక ఎవరితో మాట్లాడతావు పెద్దమ్మా?"

"నీకెందుకు? ముందు ఎక్కు."

పైన సన్నటి, నిలువాటి తొర్ర ఉంది. లోపల చీకటి, చుట్టూ బెరడు వాసన. సుంకన్న బుట్ట వంచగానే సాలీడు లోపలికి దూరి, పైనుంచి కిందిదాకా పట్టుదారాలు పరిచింది. ఇన్నాళ్లూ కోరుకున్న ఇల్లు ఇదే.

పని అయ్యాక ఒకసారి గడపలోకి వచ్చి చూసింది. చాలా కింద, చాలా దూరంలో, ఈదమ్మ గుడిసె మీదనుంచి సన్నగా పొగ లేస్తోంది. కాసేపు చూసి లోపలికి పోదామనుకుంది. పోలేకపోయింది.

అప్పటినుంచే నల్లమల సాలీడు నీలంగా ఉంటుంది. నేల మీద కాకుండా చెట్టు తొర్రలోనే కాపురం చేస్తుంది. పెంచుకునేవాళ్లు కూడా దానికి నిలువు పెట్టెలో చెక్క నిలబెట్టి ఇల్లు కడతారు. ఎంత మంచి ఇల్లు కట్టినా అది పూర్తిగా లోపలికి పోదు. ముందుకాళ్లు రెండూ గడప బయట పెట్టుకుని, కిందికి చూస్తూ కూర్చుంటుంది.