తెల్లబొమ, పసుపుబొమ

ఆ ఉదయం కుర్ర భిక్షువు విమలుడు గంజి గిన్నె పక్కన పెట్టేశాడు. కొండ కింద రాజుగారి మనుషులు గొడ్డళ్లు నూరుతున్న చప్పుడు విహారం దాకా వినిపిస్తోంది.

కోటకు కలప కావాలి. కొండకు తూర్పున ఒక వనం, పడమట ఒక వనం. రాణిగారికి పిట్టల పాటంటే ఇష్టమని, బాగా పాడే పిట్ట ఉన్న వనాన్ని మాత్రం వదిలేస్తానన్నాడు రాజు. అదేదో సాయంత్రంలోగా చెప్పమని రాజుగారి అధికారి విమలుడికి కబురంపాడు.

ఒక్కో వనంలో ఒక్కో రకం పాటల పిట్ట ఉంది. దూరం నుంచి చూసేవాళ్లకు రెండూ ఒకటే. తూర్పు వనంలోదానికి కంటి మీద తెల్లటి గీత, పడమటిదానికి లేత పసుపు గీత. తెల్లబొమ పిట్ట పాట చివర్లో పైకి లేస్తుంది. పసుపుబొమ పిట్టది మెల్లగా కిందికి జారుతుంది. కళ్లు మూసుకుని ఆ తేడా పట్టగలిగేది విమలుడొక్కడే. ఊళ్లో ఆ మాట అనుకుంటుంటే లోలోపల పొంగిపోయేవాడు. ఇప్పుడు ఆ విద్యే మెడకు చుట్టుకుంది. ఈ వనాల్లో తప్ప ఆ పిట్టలు మరెక్కడా లేవు.

“ఆచార్యా, దేన్ని ఉంచమనాలి?” అని గురువు భద్రపాలుణ్ణి అడిగాడు.

భద్రపాలుడు లేచాడు. కొండ వెనక రెండు వనాలూ కలిసేచోట ఉన్న మేడిచెట్టు కిందికి అతణ్ణి తీసుకెళ్లాడు. పళ్ల కోసం రెండు రకాల పిట్టలూ అక్కడికి వస్తాయి.

“కళ్లు మూసుకో. ఏది ఎక్కడుందో చెప్పు.”

విమలుడు ఒక్కటి కూడా తప్పకుండా చెప్పాడు.

అంతలో ఏదో రెపరెపలాడింది. మూసిన రెప్పల మీదుగా నీడ పాకింది. డేగ! చెట్టులోంచి కీచుమని ఒక అరుపు. వెంటనే ఇంకొకటి.

“ముందు అరిచింది ఏది?”

“తెలియలేదు, ఆచార్యా. రెండు అరుపులూ ఒక్కలాగే ఉన్నాయి,” అన్నాడు విమలుడు. కళ్లు తెరిచి చూస్తే, డేగ లేదు; కొమ్మకు గురువుగారు విసిరిన పైబట్ట వేలాడుతోంది. చెట్టులో పిట్ట అలికిడి లేదు.

సాయంత్రం అధికారి గుర్రం మీద వచ్చాడు. “తేల్చావా?”

“లేదయ్యా. తేల్చను.” అన్నాడు విమలుడు. “రెండూ ఉంచమని రాజుగారికి చెప్పండి.”

అధికారి చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది. “ఈ మాట నేను మోసుకెళ్తాను. ఫలితం నువ్వు అనుభవించు,” అని గుర్రాన్ని మళ్లించాడు. గొడ్డళ్లు పట్టుకున్నవాళ్లు మాత్రం కదల్లేదు. రాజాజ్ఞ కోసం వనం అంచునే కూర్చున్నారు.

భద్రపాలుడు వచ్చి పక్కన నిలబడ్డాడు.

“భయంగా ఉందా?”

“ఉంది, ఆచార్యా.”

“నాకూ ఉంది,” అంటూ గురువు అతని చెయ్యి పట్టుకున్నాడు.