శకుంతల గది రంగు

తెనాలిలో హైమవతి అనే ఇల్లాలు ఉండేది. ఏ చిన్న పని చేయాలన్నా నలుగురూ ఏమంటారోనని ఆమెకు ఒకటే బెంగ.

ఆ ఏడాది ఇంటికి రంగులు వేయించారు. అన్ని గదులూ అయిపోయి, భర్త అక్కగారు శకుంతల ఉండే వెనకగది ఒక్కటే మిగిలింది. శకుంతల ఆ గదిలోనే మిషను మీద రవికెలు కుట్టేది. షుగరు వల్ల ఆవిడ చూపు ఏడాదిగా మందగిస్తోంది. తమ్ముడి ఇంట్లో ఉంటున్నానన్న మొహమాటంతో ఏదీ నోరు తెరిచి అడిగేది కాదు.

"ముదురు నీలమా, లేత గంధమా? సాయంత్రంలోగా చెప్పకపోతే వేరే పనికి పోతానమ్మా," అన్నాడు రంగులేసే మస్తాను.

హైమవతి కంగారుపడింది. పక్కింటి రమామణిని అడిగింది.

"నీలమే. ఎండాకాలం కంటికి చల్లగా ఉంటుంది," అంది రమామణి.

"గంధం రంగయితే వెచ్చగా, వెలుతురుగా ఉంటుంది," అంది ఎదురింటి సుభాషిణి.

హైమవతి మరింత కంగారుపడి చెల్లెలికి ఫోను చేసింది. "మా హాలంతా నీలమే. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు," అంది చెల్లెలు. ఆ మాటతో నీలం ఖాయమైంది. ఈలోగా కాఫీ ఇవ్వడానికి రెండుసార్లు వెనకగదిలోకి వెళ్లింది గానీ, శకుంతలను అడగాలని తోచలేదు.

చూసినవాళ్లంతా గది బాగుందన్నారు. కానీ మూడోనాటికి శకుంతల గోడ తడుముకుంటూ నడవడం హైమవతి కంటపడింది. నీలం వల్ల గది చీకటైందని అర్థమైంది. అయినా ఇప్పుడు మారిస్తే నలుగురూ నవ్వుతారని ఊరుకుంది.

వారం తిరక్కుండానే వెనకగదిలో దభీమని చప్పుడైంది. పరుగెత్తి వెళ్లేసరికి శకుంతల నేలమీద పడి ఉంది. కంటికి పైన నెత్తురు. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. హైమవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయింది. "కంటికి ప్రమాదం లేదు, కుట్లు వేశాం," అని డాక్టరు చెప్పాక గానీ కూర్చోలేదు.

"మిషను కనబడలేదు హైమా. మిషనూ గోడా ఒకటే నలుపులా కలిసిపోయాయి," అంది శకుంతల నీరసంగా.

"ఆ రంగు వద్దని ముందే చెప్పొచ్చుగా వదినా!"

"నువ్వు అడుగుతావేమోనని చూశానమ్మా."

మర్నాడే హైమవతి మస్తానును పిలిపించి, రంగుల అట్ట శకుంతల చేతిలో పెట్టింది. శకుంతల దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూసి, లేత గంధం మీద వేలు ఆనించింది.

"అయ్యో, అప్పుడే మార్చేస్తున్నారా?" అంది రమామణి గుమ్మంలోంచి.

"ఇది మా వదిన గదండీ," అంది హైమవతి. మస్తానును పని మొదలుపెట్టమంది.

ఊరందరినీ అడిగినా, మన నిర్ణయంతో రోజూ బతకాల్సిన మనిషిని అడగకపోతే, ఎవరినీ అడగనట్టే.